గలగర బస్తాలో గడ్డి చేమంతి: ఫోటో చూసి నేను తప్పు చెప్పిన కేసు

"మాస్టారూ, నూనె నల్లగా దిగట్లేదండి, పచ్చగానే ఉండిపోతోంది" అని జూలై మొదటి వారంలో ఒక సాయంత్రం ఫోన్ వచ్చింది. చేసినావిడది అంబాజీపేట దగ్గర ఒక పల్లె. కొబ్బరినూనెలో గుంటగలగరాకు రసం పోసి పెరట్లో పొయ్యి మీద కాచి, సీసాలకు పోసి అమ్ముకుంటుంది. కొబ్బరికి లోటు లేని సీమ కాబట్టి నూనె దగ్గర ఎప్పుడూ ఇబ్బంది లేదు. ఆకు మాత్రం కోసి తెచ్చే మనిషి దగ్గర బస్తా లెక్కన కొంటుంది.

నేను డిగ్రీ కాలేజీలో బోటనీ చెబుతాను. పాఠాలు కాక నా మీద పడ్డ రెండో పని మొక్కలకు పేర్లు చెప్పడం. గేదె తిని కడుపుబ్బిన ఆకు ఏది, చేలో కొత్తగా కనబడుతున్న కలుపు ఏది, పిల్లాడు నోట్లో పెట్టుకున్న కాయ ఏది, ఇలాంటివి. ఫీజు లేదు, ఎప్పుడైనా ఒక అరటి గెల వస్తుంది. చాలావరకు రెండు నిమిషాల్లో తేలిపోతాయి. ఇది తేలలేదు, తేలకపోవడానికి సగం కారణం నేనే, అందుకే వివరంగా రాస్తున్నాను.

వాట్సాప్‌లో మూడు ఫోటోలు పంపింది. ఒకటి బస్తా మూతి, ఒకటి పిడికిట్లో పట్టుకున్న కాడలు, ఇంకోటి మరీ దగ్గరగా తీయబోయి మసకబారిపోయింది. కాడల నిండా నూగు. నూగు అంటే తక్కువ చేసినట్టే, తెల్లటి బిరుసు వెంట్రుకలు. ఆకులు ఎదురెదురుగా ఉన్నాయి కానీ వాడిపోయి మెలిపడ్డాయి. కొసల్లో చిన్న పూలు ముడుచుకుపోయి లోపల ఏదో తెల్లగా కనబడుతోంది. ఆవిడ గలగర అంది, కాలవ గట్టు మీద కోశారంది, వానలు పడ్డాయి కదా అని నేననుకున్నాను. "గలగరేనమ్మా, ముదిరిపోయింది, అందుకే రసం దిగట్లేదు, లేతది తెప్పించుకోండి" అని చెప్పేశాను. టీవీలో క్రికెట్ చూస్తూ చెప్పిన మాట అది, ఒప్పుకోవాలి. నిజానికి ఆ ఫోటోల్లో నేను మొక్కని చూడలేదు, ఆవిడ చెప్పిన పేరునే చూశాను.

పది రోజులకు మళ్లీ ఫోన్. లేతాకు తెప్పించి వేసినా అంతేనట, పైగా ఆకు దూసిన మనవరాలికి అరచేతులు గరగరలాడి ఎర్రబడ్డాయట. "ఇన్నేళ్లలో ఎప్పుడూ ఇలా లేదండి" అంది. అక్కడ నాకు టెన్షన్ మొదలైంది, ఎందుకంటే గలగరాకు దూస్తే చెయ్యి నల్లబడాలి గానీ ఎర్రబడకూడదు.

ఆదివారం పొద్దున్నే పది రెట్ల లెన్సు, ఒక బ్లేడు, పాత పేపర్లు సంచిలో వేసుకుని బస్సెక్కాను. ఆవిడ అరుగు మీద పేపర్లు పరిచి బస్తా బోర్లించింది. ముందు రోజు పొద్దున కోసినదే, ఇంకా పచ్చిగానే ఉంది.

కళ్లతో చూసే ముందు వేళ్లతో చూశాను. ఇది నేను పిల్లలకు ప్రాక్టికల్స్‌లో చెప్పే మాటే, నాకు నేనే ఫోన్‌లో మర్చిపోయాను. గలగర కాడ మీద వెంట్రుకలు బిరుసుగానే ఉంటాయి కానీ కాడకు అంటుకుని, కొసవైపు మొన పెట్టి పడుకుని ఉంటాయి. కింద నుంచి పైకి వేలు పోనిస్తే జారిపోతుంది, పై నుంచి కిందకు లాగితే వేలిని పట్టేస్తుంది, గడ్డం గీసుకున్న మర్నాడు చెంప నిమురుకున్నట్టు. నా చేతిలో ఉన్న కాడ అలా లేదు. ఎటు నిమిరినా గుచ్చుకుంటోంది. లెన్సు కింద పెడితే వెంట్రుకలు కాడకు అడ్డంగా, బయటకు చాచుకుని నిలబడ్డాయి, పొడుగ్గా, కణుపులు కణుపులుగా, ఒక్కొక్క దాని మొదట్లో చిన్న ఉబ్బు. పొట్టి వెంట్రుక పడుకుని ఉండటం వేరు, పొడుగు వెంట్రుక నిక్కబొడుచుకుని ఉండటం వేరు. ఫోటోలో ఈ రెండూ "తెల్ల నూగు" అనే కనిపిస్తాయి.

ఆకు చూస్తే అనుమానం ఇంకా గట్టిపడింది. గలగరాకు సన్నగా, రెండు చివర్లా కోసుగా, కాడ లేకుండా కొమ్మకే అంటుకుని ఉంటుంది, అంచున ఉండీ లేనట్టు చిన్న నొక్కులు. వీటికి పొట్టిదైనా కాడ ఉంది, ఆకు మధ్యలో వెడల్పు, అంచున పెద్ద పెద్ద పళ్లు, అవి కూడా ఒక క్రమంలో లేవు, కొన్ని ఆకులైతే లోపలిదాకా చీలినట్టున్నాయి. కానీ ఆకు ఒక్కదాన్నే నమ్ముకోను. నీడలో పెరిగినదానికీ ఎండలో పెరిగినదానికీ, తడిలో ఉన్నదానికీ ఎండు నేలలో ఉన్నదానికీ ఒకే మొక్క ఆకు నాలుగు రకాలుగా ఉంటుంది.

ఇక పువ్వు. బంతి, చేమంతి, పొద్దుతిరుగుడు కుటుంబంలో మనం పువ్వు అనుకునేది ఒక పువ్వు కాదు, పదుల కొద్దీ బుల్లి పూలు ఒకే పీట మీద కూర్చున్న గుత్తి. చుట్టూ రేకుల్లా కనిపించేవీ పూలే, మధ్యలో గుండీలా కనిపించేదీ పూలే. అందుకని ఈ కుటుంబంలో "తెల్ల పువ్వా, పసుపు పువ్వా" అనే ప్రశ్నతో ఎక్కడికీ చేరం. అంచు పూలు ఎన్ని, ఎలా ఉన్నాయి, నడిమి పూలు ఏ రంగు, పీట కింద ఆకుపచ్చ రెక్కలు ఎలా ఉన్నాయి, గింజకు కుచ్చు ఉందా లేదా, ఇవి అడగాలి.

బ్లేడుతో ఒక పువ్వును నిలువుగా కోశాను. అంచు పూలు అయిదే. ఒక్కోటి వెడల్పుగా, మీగడ రంగులో, కొసన మూడు పళ్లతో, చంటిపిల్లాడు కొరికి వదిలేసిన బిస్కెట్టు ముక్కలా. నడిమి పూలు పసుపు. గలగరలో ఇలా ఉండదు. అంచు పూలు చాలా ఉంటాయి, రెండు వరుసల్లో, దారప్పోగుల్లా సన్నగా తెల్లగా, నడిమివీ తెల్లగానే, మొత్తం పువ్వు సెంటీమీటరుకు మించదు. ఇంకొకటి, పూకాడ. నా ముందున్నవాటిలో కొన్ని కాడలు జానెడు పొడుగున్నాయి, ఒక్కో కాడకు ఒక్కటే పువ్వు. గలగరకు ఆకు పక్కనుంచి వచ్చే పొట్టి కాడ, రెండు మూడు సెంటీమీటర్లు, మహా అయితే అయిదు.

పండిన పువ్వు ఒకటి దొరికితే ఊదాను. గింజలు గాల్లోకి లేచాయి. నల్లటి చిన్న గింజ, దాని నెత్తి మీద ఈకల్లాంటి కుచ్చు, పుస్తకంలో కేశగుచ్ఛం అని రాస్తాం. గలగర గింజ ఎగరదు, దానికి కుచ్చు లేదు, గరుకుగా బొడిపెలతో ఉండి పచ్చటి గిన్నెలాంటి పీటలో కిక్కిరిసి కూర్చుంటుంది, నలిపితే రాలి పడుతుంది. నాకు ఇంతకు మించి సాక్ష్యం అక్కర్లేదు. ఇది గడ్డి చేమంతి. మా వైపు గాయపాకు అని కూడా అంటారు, చెయ్యి తెగితే నలిపి కట్టేది. శాస్త్రీయనామం ట్రైడాక్స్ ప్రోకంబెన్స్. డిగ్రీలో ఈ బంతి, చేమంతి కుటుంబానికి, అంటే ఆస్టరేసీకి మాకు పాఠం చెప్పింది ఈ మొక్కతోనే, ఇరవయ్యేళ్లుగా నేను చెబుతున్నదీ దీనితోనే. అలాంటి మొక్కని ఫోన్‌లో గుర్తుపట్టలేకపోయాను.

పేర్ల గొడవ కూడా చెప్పేస్తాను, పని చేసుకునేవాళ్లకు ఉపయోగం. ట్రైడాక్స్ ప్రోకంబెన్స్ పేరు స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో పెట్టాడు. గలగరను కూడా అదే ఏడాది వర్ణించాడు కానీ వేరే ప్రజాతి కింద పెట్టి, 1771లో ఎక్లిప్టాలోకి మార్చాడు. పాత ఆయుర్వేద పుస్తకాల్లో ఎక్లిప్టా ఆల్బా అని ఉంటుంది, ఇప్పటి పేరు ఎక్లిప్టా ప్రోస్ట్రాటా, రెండూ ఒకే మొక్క. తమాషా ఏంటంటే లాటిన్‌లో ప్రోకంబెన్స్ అన్నా ప్రోస్ట్రాటా అన్నా నేల మీద పడుకున్నది అనే అర్థం. అంటే పేరు చదివి రెండింటికీ తేడా పట్టుకునే దారి కూడా లేదు.

నేను చెప్పినదంతా ఆవిడ వింది కానీ నమ్మినట్టు లేదు. న్యాయమే, మొన్న ఫోన్‌లో గలగరేనని చెప్పిందీ ఈ మాస్టారే కదా. లెన్సులో చూడమంటే "నాకు అన్నీ ఒకలాగే కనబడుతున్నాయండి" అంది. అప్పుడు ఆవిడకు తెలిసిన భాషలో అడిగాను. "మీ చిన్నప్పుడు బళ్లో నల్లబల్లకు ఏం రుద్దేవారమ్మా?"

"గలగరాకూ బొగ్గూ నూరి రుద్దేవాళ్లమండి. శనివారం ఆ పని మాదే."

"మరి ఈ ఆకుతో రుద్దితే బల్ల నల్లబడుతుందా చూద్దామా?"

పెరటి వెనక మురుగు బోదె పక్కన గలగర ఉందేమోనని నేనే వెళ్లి వెతికాను, తడి నేలలో నాలుగు మొక్కలు దొరికాయి. తెల్ల పంచె ముక్క ఒకటి తెచ్చి ఒక పక్క అది, ఇంకో పక్క బస్తాలోది నలిపి రాశాం. మొదట రెండూ పచ్చగానే ఉన్నాయి. కాఫీ తాగి వచ్చేసరికి ఒక మరక నల్లబడిపోయింది, రెండోది పచ్చగా, అంచుల్లో గోధుమరంగుగా ఆగిపోయింది. గలగర రసానికి గాలి తగిలితే నలుపు తిరుగుతుంది. కాడ విరిచి పెట్టినా విరిచిన చోట నల్లబడుతుంది. ఆవిడ ఆ గుడ్డ వైపు చూసి ఏం మాట్లాడలేదు, బస్తాని కాలితో పక్కకు నెట్టింది.

ఒక జాగ్రత్త. ఈ గుడ్డ పరీక్ష పచ్చి ఆకుకే. ఎండిన ఆకుతోనో పొడితోనో చేసి నల్లబడలేదు కాబట్టి గలగర కాదనడం తప్పు. రసం నల్లబడే మొక్కలు ఇంకా ఉన్నాయి కాబట్టి నల్లబడిన ప్రతిదీ గలగర అనడం కూడా తప్పు. వెంట్రుక, పువ్వు, గింజ చూశాక చివర్లో చేసుకునే పరీక్ష ఇది.

తర్వాత బస్తాలోంచి చేతికందిన 60 కాడలు తీసి వేరుచేశాం. గడ్డి చేమంతి 47. గలగర 9, అవి అడుగున ఉన్నాయి. మిగిలిన నాలుగూ చూశాక నాకు చెమట పట్టింది, లేత వయ్యారిభామ. అదీ ఇదే కుటుంబం, క్యారెట్ ఆకులా చీలికలు చీలికలుగా ఉంటుంది కాబట్టి కలిసిపోయే మొక్క కాదు, గబగబా గుప్పెళ్లతో కోసినప్పుడు పక్కనున్నది కూడా వచ్చేస్తుంది, అంతే. కానీ దానితో చర్మానికి అలర్జీ వస్తుంది, పడనివాళ్లకు దద్దుర్లు రోజుల తరబడి తగ్గవు. పిల్ల చేతులు ఎర్రబడటానికి గడ్డి చేమంతి నూగు కొంత కారణం కావచ్చు గానీ నా అనుమానం ఆ నాలుగు కాడల మీదే. డాక్టరుకు చూపించమని, ఈ ఆకు పేరు కూడా చెప్పమని కాగితం మీద రాసిచ్చాను.

ఇన్నేళ్లు సరిగ్గా వచ్చిన ఆకు ఈ ఏడాదే ఎందుకు మారింది? నాకు మొక్క పేరు కన్నా ఈ ప్రశ్నే ఎక్కువ పట్టింది. ఆకు కోసే ఆయన్ని పిలిపించారు. యాభై దాటిన మనిషి, మోసం చేసే రకం కాదు, తను తెచ్చింది గలగరేనని గట్టిగా నమ్ముతున్నాడు. "ఎక్కడ కోశావు, చూపించు బాబాయ్" అని ఆయన వెంట సైకిలు మీద బయల్దేరాను.

1852లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టిన దగ్గర్నుంచి మా డెల్టాలో మనుషులకే కాదు, కలుపు మొక్కలకు కూడా క్యాలెండరు కాలవలే. దాళ్వా, అంటే రబీ వరి, కోతలయ్యాక ఎండాకాలంలో కాలవలు కట్టేస్తారు, మళ్లీ జూన్‌లో సార్వాకు, అంటే ఖరీఫ్ వరికి, నీళ్లు వదులుతారు. గలగర తడి మొక్క. బోదె అంచున, చేను గట్టు పక్కన, మురుగు కాలవ ఒడ్డున, కాలు దిగబడే చోట పెరుగుతుంది. కాలవ కట్టేసి నేల బీటలిస్తే ఎండిపోతుంది, మళ్లీ తడి తగిలాక గింజ మొలిచి, కోతకు రావడానికి కొన్ని వారాలు పడుతుంది. గడ్డి చేమంతికి ఆ బాధ లేదు. వేరు లోతుకు దిగుతుంది, ఏడాది పొడుగునా పూస్తుంది, గట్టు మీద, రోడ్డు వార, గోడ సందులో, ఎండ ఎక్కడ ఉంటే అక్కడ.

ఆయన చూపించిన చోటు పెద్ద కాలవ గట్టు పైభాగం, బళ్లు నడిచే దారి పక్కన. ఎండిన నేల. వెనకటి సంగతి అడిగితే చెప్పాడు. ఎప్పుడూ తను కోసేది చేలల్లో, ఈసారి ఆ చేలల్లో కలుపు మందు కొట్టారు, గలగర మిగల్లేదు. ఆర్డరు పోతుందని గట్టెక్కాడు. గట్టు మీద అదే ఎత్తులో, అదే తెల్ల నూగుతో, ఎదురెదురు ఆకులతో ఇంకో మొక్క కనబడింది. పొద్దున్నే తొందరగా కోసుకొస్తాడు కదా, అప్పటికి పూలు సరిగ్గా విచ్చుకోవు. నేను అరుగు మీద లెన్సుతో కూర్చుని గంటలో తేల్చినదాన్ని ఆయన సగం చీకట్లో కొడవలితో తేల్చాలి. ఆయన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు.

గట్టు దిగుతుంటే కాలవ వార పసుపు పూలతో పరుచుకున్న తీగను చూపించి, "ఇది పసుపు గలగర కదండీ, ఇది కలిపినా పర్లేదంటారు" అన్నాడు. ఇదో చిక్కు. పసుపు గలగర అనే మొక్క నిజంగానే ఉంది, స్ఫాగ్నెటికోలా కాలెండులేసియా, పాత పేరు వెడీలియా. దాన్నీ భృంగరాజ్ (ఆయుర్వేదంలో గలగర పేరు) కింద వాడతారు, వెడెలోలాక్టోన్ అనే పదార్థం ఈ రెండింట్లోనూ ఉంది, ఆ పేరు వచ్చిందే వెడీలియా నుంచి. కానీ కాలవ వార ఉన్నది అది కాదు. ఆకు నున్నగా మెరుస్తూ, అంచున మూడు తమ్మెలుగా ఉంది. అమెరికా ఉష్ణమండలం నుంచి అందం కోసం తెచ్చిన మొక్క, స్ఫాగ్నెటికోలా ట్రైలోబాటా. తోటల్లో నేల కప్పడానికి వేస్తారు, ముక్క విరిగి నీళ్లలో పడితే కింద ఎక్కడో గట్టున వేళ్లు పోసుకుంటుంది. అసలు పసుపు గలగర ఆకు సన్నగా ఉంటుంది, తమ్మెలు ఉండవు. ఇది బస్తాలో వెయ్యొద్దు బాబాయ్ అని చెప్పాను. "ఆయ్" అన్నాడు, ఎంత గుర్తుంటుందో తెలీదు, అందుకని మూడు మొక్కలూ పీకి ఆయన చేతిలోనే పెట్టి, కాడ కింద నుంచి పైకి, పై నుంచి కిందకు నిమిరించాను. అది మాత్రం వెంటనే పట్టుకున్నాడు. "ఇది పిల్లి ఒళ్లులా ఉందండి, ఒక వైపే నున్నగా ఉంది" అన్నాడు గలగర గురించి. ఇంతకంటే బాగా నేను క్లాసులో ఎప్పుడూ చెప్పలేదు, ఇప్పుడు ఆ మాటే వాడుతున్నాను.

కాచిన నూనె సంగతి. ఆవిడ దగ్గర రెండు విడతల నూనె ఉంది, మొదటి విడతలో కొన్ని సీసాలు అప్పటికే అమ్ముడయ్యాయి. గడ్డి చేమంతి విషం కాదు కదా, వదిలెయ్యొచ్చు కదా అని పక్కింటాయన సలహా. నేను వద్దన్నాను. గలగర అని చెప్పి ఇంకోటి అమ్మడం ఒక తప్పు, అందులో వయ్యారిభామ పడిందేమోనన్న భయం దానికంటే పెద్దది, తలకు రాసుకునేది అది. ఆవిడ ఫోన్లు చేసి సీసాలు వెనక్కి తెప్పించుకుంది, రెండు తప్ప అన్నీ వచ్చాయి. మిగిలిన నూనె దీపాలకు పోసిందట, కార్తీకమాసం దాకా వస్తుందని నవ్వింది. గలగర నూనెతో జుట్టు పెరుగుతుందా అని అక్కడ నలుగురు అడిగారు గానీ అది నా పని కాదు, సీసా మీద ఏ పేరు రాస్తే లోపల ఆ మొక్కే ఉందా అన్నంతవరకే నా పని.

గలగర, గడ్డి చేమంతి రెండూ నమూనాలు తెచ్చి నొక్కి పెట్టాను, వేళ్లతో సహా. వానాకాలంలో ఈ కుటుంబం మొక్కల్ని ప్రెస్‌లో పెట్టేవాళ్లకు ఒక మాట, రోజూ పేపర్లు మార్చకపోతే బూజు పడుతుంది. గడ్డి చేమంతితో ఇంకో ఇబ్బంది, కోసినా దాని పువ్వు పండటం ఆపదు. నాలుగో రోజు తెరిస్తే కేశగుచ్ఛాలు విచ్చుకుని పేపరంతా దూదిలా ఉంది. సగం విచ్చినవి కాకుండా మొగ్గలూ లేత పూలూ ఉన్న కొమ్మలు కూడా పెట్టుకుంటే ఆ నష్టం తగ్గుతుంది. రెండింటినీ పక్కపక్కనే రెండు షీట్ల మీద కుట్టి, లేబుల్ మీద తేదీ, గట్టు, నేల తడి అన్నీ రాశాను. గడ్డి చేమంతి షీటు కింద పెన్సిలుతో "గలగరగా వచ్చింది, ఫోటోలో నేనూ అలాగే చెప్పాను" అని కూడా రాశాను, పిల్లలు చూసి నవ్వుతున్నారు.

ఇప్పుడు ఎవరు ఫోటో పంపినా నాలుగు అడుగుతున్నాను. పువ్వు ముందు నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి, కాడ మీద నూగు కనిపించేలా వెలుతురుకు అడ్డం పెట్టి ఒకటి, మొక్క పెరిగిన నేల ఒకటి. విసుక్కుంటారు, పంపుతారు.

సంక్రాంతి వెళ్లాక అదే ఆవిడ మళ్లీ ఫోన్ చేసింది. ఆగస్టు నుంచి నూనె నల్లగానే దిగుతోందట, బస్తా వచ్చిన ప్రతిసారీ గుడ్డ మీద రాసి చూసుకుంటోందట. ఈసారి ఫోన్ చేసింది వేరే మొక్క గురించి. సార్వా కోసేసిన మళ్లలో ఊదారంగు గుండ్రటి తలలతో, వాసన వేస్తూ ఒకటి మొలిచిందట, ఆకు కోసే బాబాయ్ అది బోడసరం అంటున్నాడట, అవునా అని. ఫోటో చూస్తే నాకూ బోడసరంలాగే ఉంది. ఆ మాట మాత్రం అనలేదు. వేరుతో సహా పీకి, తడి గోనెలో చుట్టి, పొద్దున బస్సు కండక్టరు చేతికివ్వమన్నాను.